ఏడాదంతా దసరా

శుక్రవారం ఉదయం పదిన్నరకండీ. తలూపకండి పాండురంగారావు గారూ, మీరక్కడ లేరు. మా ఇంట్లో పుట్టుకలూ చావులూ గంటతో సహా నేనే గుర్తుపెట్టుకుంటాను. ఇదీ వాటిల్లో చేరింది.

కూర్చోండి. ఇంటికొచ్చినవాళ్లని నిలబెట్టి మాట్లాడటం మాకు అలవాటు లేదు.

బోటు ఇంజన్ల రిపేరు నేర్పుతామన్నారు. మా మనవరాలు కుమారి రేపల్లె నుంచి రోజూ రైలెక్కి తెనాలిలో మీ శిక్షణ కేంద్రానికి తిరిగింది. మీ మాట నమ్మే కదా, బాపట్లలో బ్రహ్మయ్య గారి షెడ్డుకి పని అడగడానికి దాన్ని నేనే వెంటబెట్టుకెళ్లాను!

ఆయన మంచివాడే. ఆడపిల్లకి ఈ పనేంటనలేదు. స్పానర్ చేతికిచ్చి, ఓ ఇంజన్ చూపించి, "ఆ నాజిల్ ఊడదియ్యమ్మా" అన్నాడు.

ఇదేం చేసిందో తెలుసా? ఇంజన్‌కి దణ్ణం పెట్టింది. పెట్టి, అలాగే నిలబడిపోయింది. ఆఖరికి, "ముట్టుకోవచ్చా అండీ?" అంది.

షెడ్డంతా ఒకటే నవ్వు. "ముట్టుకోకుండా చూపుతో విప్పుతావా తల్లీ?" అని ఒకడు. "హారతి కూడా ఇవ్వమ్మా!" అని ఇంకొకడు.

ఎందుకలా అడిగిందండీ? మీకు తెలీదూ? దసరాకి మీ ఇంజన్‌కి బొట్టు పెట్టి, దండేసి, చుట్టూ తాడు కట్టారు. అధికార్లు చూడ్డానికొస్తారు, మరక పడకూడదన్నారు. ఇక తాడు విప్పిందే లేదు. పాఠమంతా గోడమీద బొమ్మల్లోనే. చెయ్యి వేసిన పిల్లల్ని కసిరారట.

పూజ సంగతి నాకు చెప్పకండి. దసరానాడు మేమూ పనిముట్టు ముట్టం. ఆ ఒక్కరోజేనండీ! మీకు ఏడాదంతా దసరాయేనా?

ఏంటీ? ఫోటోనా? కొత్త పిల్లల్ని చేర్చుకోవడానికి వేసే ఫ్లెక్సీ మీద, ఉద్యోగం వచ్చినట్టు, మా పిల్ల ఫోటోనా? అందుకొచ్చారన్నమాట ఇంత దూరం! నాకు గొంతు పెంచడం రాదు. మెల్లిగానే చెబుతున్నాను. ఇవ్వను.

బ్రహ్మయ్య గారు పౌర్ణమి దాకా గడువిచ్చారు. ఈలోగా చేతికి పని పట్టుబడితే పెట్టుకుంటానన్నారు. లేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. తిరుగు బస్సులో అది తన అరచేతులే చూసుకుంటూ కూర్చుంది.

కాస్త కాలు జరపండి, ప్యాంటుకి నూనె అంటుతుంది. ఈ ముక్కలన్నీ మా ఆయన బోటు ఇంజనే. ఆయన పోయాక వసారాలో పెట్టించాను. శుక్రవారం శుక్రవారం దీనికి బొట్టు పెట్టేదాన్ని. మనవల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు.

బాపట్ల నుంచి వచ్చిన మర్నాడు, శనివారం పొద్దున్నే, తలస్నానం చేసి దీపం పెట్టుకున్నాను. కిరసనాయిలు గుడ్డతో ఆ బొట్టు తుడిచేశాను. నా నుదుటిది ఎవరెవరో తుడిచారండీ. దీన్ని మాత్రం నేనే తుడిచాను.

స్పానర్ కుమారి చేతిలో పెట్టి, "విప్పవే" అన్నాను.

మా అబ్బాయి నాగశివ అడ్డమొచ్చాడు. "అమ్మా, నాన్న ఇంజన్! మళ్లీ బిగించలేకపోతే?"

"పోతే పోనీరా" అన్నాను.

విప్పేసింది.