వీడియోలో ఉన్నది ఫుకి కాదు

హలో… ఆ, నేనే. సంచి సర్దుతున్నాను… నీ కూతురు ఫుకిదే, ఇంకెవరిది? రేపొచ్చి సెందాయ్ తీసుకుపోతానంటివి కదా…

గొడుగు పెట్టాను. స్వెట్టర్ పెట్టాను… ఆగస్టైతే ఏం, రైల్లో ఏసీ ఉండదూ? మూడు రకాల మాత్రలు… తెలుసు సతోమీ, నాలుగు గంటల ప్రయాణమే. నాలుగు గంటల్లో ఏమైనా కావచ్చు.

నేను పంపిన వీడియో చూశావా?… పదిసార్లా!… అవును, ఆ చెయ్యి తిప్పడం బాగుంది… మీ డాన్సు టీచరుకు కూడా పంపావా?… పోటీలో ముందు వరసలో మధ్యన నిలబెడతానందా…

సతోమీ, అందులో ఉన్నది ఫుకి కాదు.

… టోఫు కొట్టు వాళ్ళ మనవడు… ఆ, మగపిల్లాడే. పండగ డాన్సుకు నల్ల ముసుగేసుకుంటే కళ్ళకు రెండు కన్నాలు తప్ప ఏం కనిపిస్తుంది? ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినదానివి, నువ్వూ పోల్చుకోలేదుగా… నేనూ పొరబడ్డాను. ముక్కు చీదడానికి ముసుగెత్తితే అప్పుడు తెలిసింది.

… ఆడుతోందిలే, ఫుకీ ఆడుతోంది… తప్పులా? బోలెడు. కుడికి తిరగమంటే ఎడమకు తిరిగి వెనకపిల్లను గుద్దుతుంది. ఇద్దరూ నవ్వుకుంటారు… లేదు, దిద్దను. పక్కవాళ్ళ చెప్పుల చప్పుడు వింటూ నడవమంటాను, అంతే… ఊహూఁ, ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. ఇక్కడ స్టేజీ ఎక్కడుంది? వీధిలో మంట వేస్తారు, చుట్టూ తిరుగుతారు.

నిన్న అడిగింది, "అమ్మమ్మా, ఇందులో మధ్యన ఎవరు?" అని. మంట అన్నాను. "అయితే నేను కాదుగా" అని రెండు గిన్నెల అన్నం తింది.

… పోటీ పదిహేడున. తెలుసు. మా బొన్ పండగ డాన్సు పదహారు సాయంత్రం మొదలు. ఉండనీవే… రిహార్సల్‌కు రాకపోతే మధ్య చోటు ఇంకొకరికిస్తారా? ఇవ్వనీ. ఆ పిల్లైనా సంతోషిస్తుంది.

… నేను పిల్లను పాడు చేయడం లేదు… సరే, చేస్తున్నాను.

… దాన్నే అడుగుతావా? ఇక్కడే ఉంది. నేను ముసుగు సంచిలో పెట్టడం, అది తీసి తగిలించుకోవడం… పొద్దుటి నుంచీ ఇదే పని. ఫుకీ, మీ అమ్మ. పండగకు ఉంటావా, పోటీకి పోతావా?… తలాడిస్తోంది. దేనికో ముసుగులో తెలియడం లేదు… ఆఁ, ఇప్పుడు తెలిసింది. సంచిలోంచి బట్టలన్నీ తీసేస్తోంది.

హలో?… ఏడుస్తున్నావా?… మరి ఆ ముక్కు చప్పుడేంటి?

… నీ ముసుగా? ఉంది, పెళ్ళికి ముందుది. కలరా ఉండల వాసన. ఎండలో వేస్తానులే… పోటీకి రామని చెప్పేస్తావా? నేనేం అనలేదు, నువ్వే అన్నావు.

… పద్దెనిమిది పొద్దున బండికా? వద్దు. మధ్యాహ్నం వెళ్ళండి… పొద్దున వద్దన్నానుగా… ఎందుకంటే…

మా అక్క కియో సంగతి నీకెప్పుడూ చెప్పలేదు… ఉండేది. తనకు పదిహేడు, నాకు తొమ్మిది. డాన్సు మధ్యలో ఊళ్ళు తిరిగే నాటకాలాయన అరిచాడు, ఆ చేతులెవరివో మొహం చూపించమని. అక్క ముసుగెత్తింది. ఆయన చప్పట్లు కొట్టాడు. మా వీధిలో అంతకుముందు ఎవరూ ఎవరికీ చప్పట్లు కొట్టలేదు… ఆయన కంపెనీలోకే వెళ్ళిపోయింది. ఆ సంచీ నేనే సర్దాను. గొడుగు పెట్టడం మరిచిపోయాను.

… ఒక్క ఉత్తరం వచ్చింది, అంతే… ఏటా వెతుకుతాను. మొహాలు కనిపించవుగా, చేతులు చూస్తాను. బతికున్నవాళ్ళైనా, చనిపోయినవాళ్ళైనా, ఇంటికి రావలసింది బొన్ పండగకే కదా… లేదమ్మా, ఇంతవరకూ కనిపించలేదు.

… ఆ, రేపు జాగ్రత్తగా రా. ఉంటాను… ఏ రోజా? పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, ఆగస్టు పద్దెనిమిది, పొద్దున ఆరున్నర బండి. కియో మళ్ళీ రాలేదు.