ఒక్క బుకింగ్

మోటార్ షో ఆఖరి సాయంత్రం. ఎదురెదురు స్టాళ్ళలో వేర్వేరు కంపెనీల కార్లు అమ్మే భార్యాభర్తలు హాలు వెనక మెట్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు.

"నవ్వకు. నేనేం ఈగలు తోలుకోవడానికి రాలేదిక్కడికి."

"నేనెక్కడ నవ్వానండీ? టీ వేడిగా ఉంది."

"మీ స్టాల్లో ఇసకేస్తే రాలనంత జనం. మా దగ్గరికొచ్చినవాళ్ళేమో బాత్రూం ఎటు అని అడుగుతున్నారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది."

"పోనీ నాలుగు కుర్చీలు వేయించాల్సింది. కూర్చోడానికైనా వచ్చేవాళ్ళు."

"కుర్చీలెందుకు, కార్లున్నాయిగా. పొద్దున ఒకాయన మా కారు వెనక సీట్లో కునుకు తీసి, లేచి, తిన్నగా మీ స్టాలుకెళ్ళి బుక్ చేసుకున్నాడు. అప్పట్నుంచీ కడుపు మండిపోతోంది."

"బట్టతలాయనేనా? నేనే రాశాను."

"నువ్వే రాసుంటావు."

"అందుకే చెప్తున్నాను, మీ ఉద్యోగం గురించి మా మేనేజరుతో ఒక్క మాట మాట్లాడనివ్వండి. మీ కంపెనీ పని అయిపోయింది. ఊరంతా అనుకుంటోంది."

"ఊరికేం, ఎన్నైనా అనుకుంటుంది. మా నాన్న నడిపిందీ ఈ బండే, నేను డ్రైవింగ్ నేర్చుకుందీ ఈ బండి మీదే. అప్పట్లో రోడ్డు మీద ఇవి తప్ప ఇంకోటి కనపడేది కాదు."

"అప్పట్లో. ఇప్పుడూ అదే మొహం, అవే లైట్లు. రంగు మార్చి కొత్త మోడలంటే ఎవరు నమ్ముతారండీ?"

"నమ్మారు."

"ఎవరు?"

"అది చెప్దామనే పిలిచాను. మా ఓనరు ఏమన్నాడో తెలుసుగా. ఈ షోలో ఒక్క బుకింగైనా రాకపోతే షోరూంకి తాళం వేసేస్తానన్నాడు. మధ్యాహ్నం వచ్చిందే. ఇక తాళం వెయ్యడు."

"చల్లారిపోతోంది, తాగండి."

"వినవే. ఇద్దరొచ్చారు. బేరం లేదు. ఏ రంగైనా ఫర్వాలేదన్నారు. టెస్ట్ డ్రైవ్ కూడా వద్దన్నారు. అంత నమ్మకం."

"టెస్ట్ డ్రైవ్ వద్దన్నారా."

"బానెట్ ఎత్తి చూసి, తలుపులు తట్టి చూసి, సరే అన్నారు. పని తెలిసినవాళ్ళు. ఏంటలా చూస్తావు? సంతోషంగా లేదా నీకు?"

"సంతోషమే."

"సంతోషమైతే మొహం అలా ఉంటుందా? ఏదో దాస్తున్నావు. వాళ్ళు నీకు తెలుసా?"

"ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"ఇక్కడే చెప్పు."

"మా వర్క్‌షాపు వాళ్ళు."

"మీ వాళ్ళు మా కారెందుకు... ఓహో. విప్పి చూడటానికా? పోటీ కంపెనీలో మంచి కారొస్తే అందరూ చేసే పనే అది. కొనడం, ముక్కముక్కలుగా విప్పి లోపలేముందో చూడటం. అంతేనా?"

"విప్పడానికే."

"చూశావా మరి. పని అయిపోయిన కంపెనీ కారు ఎవరైనా విప్పి చూస్తారా? మా దాంట్లో ఏదో ఉందనేగా. ఇన్నాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. మా ఓనరుకి చెప్పాలి ఇది. ఫోనెక్కడ పెట్టాను?"

"ఫోన్ చెయ్యకండి."

"ఎందుకు చెయ్యకూడదు?"

"చూడటానికి కాదండీ. కొత్తగా చేరిన మెకానిక్కులకి విప్పడం నేర్పించాలట. చవగ్గా వచ్చేది, పాడుచేసినా ఎవరికీ బాధనిపించనిది ఏదైనా ఉంటే చెప్పమన్నారు. నేనే మీ కారు చెప్పాను, మీకొక్క బుకింగైనా వస్తుందని."