మునిసిపాలిటీ బరిలో ఏసోబు కూత

ఏసోబు అని మాలగూడెంలో ఒకడుండేవాడంట. పగలంతా ఇటుకల బట్టీలో పని, పొద్దు వాలితే చెడుగుడు. బట్టీ ఎనకాల బూడిదలో ఆడీ ఆడీ, మెత్తటి ఎర్రమట్టి బరిలో ఒక్కసారన్నా ఆడాలని వాడి మనసు. ఆ బరి యాడుంది? పేటలో మునిసిపాలిటీ ఆటస్థలంలో ఉంది. అందులోకి గూడెంవాళ్ళు అడుగుపెట్టకూడదు. ఎవరు రాశారంటే ఎవరూ రాయలా, అందరికీ తెలుసు, అంతే. కంచె బయట నిలబడి చూడొచ్చనుకో. చూపుకి మైల లేదు గదా.

ఏమైందంటే, కొత్తగా ఒక ఆఫీసరమ్మ వొచ్చి, 'ఆటస్థలం అందరిదీ, కాదన్నోళ్ళ మీద కేసు పెడతా' అని కాగితం అంటించి పోయిందంట. పేటపెద్ద వీరరాఘవయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని, సరే ఆడనీయండి, కేసెందుకు, కాకపోతే మీరు వాళ్ళని ముట్టుకోమాకండి, వాళ్ళు ముట్టుకుంటే కాలవకి పోయి తానం చేసి రండిరా అని తన జట్టుకి చెప్పాడంట. ఆయన చెడుగుడు ఎప్పుడూ చూసిన పాపాన పోలేదు మరి.

గూడెం జట్టుకీ పేట జట్టుకీ ఆట పెట్టారు. ఏసోబు గీత మీది మట్టి కళ్ళకద్దుకుని కూతకి పోయాడు. పేటవాళ్ళు ఏడుగురూ మూలకి ఒదిగారు. ఒకణ్ణి ముట్టాడు, వాడు అవుటై కాలవకి పోయాడు. ఇంకోణ్ణి ముట్టాడు, వాడూ కాలవకే. పట్టేవాడు లేడు. వాళ్ళ వంతు వొస్తే ఒకడు గీత దాటి, మర్యాదగా అందర్నీ చూసి, చెయ్యి చాపేలోపే ఎనక్కొచ్చాడంట. నవ్వమాకండి, వాళ్ళకది కష్టమే. గెలుస్తా ఉన్నకొద్దీ ఏసోబుకి ఏడుపొస్తంది. పట్టండిరా అని అరవాలనుంది, అరిస్తే కూత తెగుద్ది. గట్టు మీంచి వాళ్ళత్త కరుణమ్మ, 'ఏందల్లుడా, పెళ్ళి పందిట్లో వడ్డనకొచ్చినట్టు తిరుగుతన్నావ్?' అని ఎకసెక్కం.

చివరికి మిగిలింది సాంబశివుడొక్కడే. వీరరాఘవయ్య మేనల్లుడు, మడమ పట్టులో తాలూకా మొత్తానికీ వాడే మొనగాడు. ఏసోబు నేరుగా వాడి ముందుకి పోయి కుడికాలు చాపి నిలబడ్డాడు. సాంబశివుడు మామ వంక చూశాడు, కాలు వంక చూశాడు. మళ్ళీ మామ వంక చూశాడు, మళ్ళీ కాలు వంక చూశాడు. ఎంతసేపని చూస్తాడు? దూకి మడమ పట్టాడు. ఇద్దరూ దొర్లారు, దుమ్ము లేచింది, గీతకి జానెడు దూరంలో ఏసోబు కూత తెగింది. 'ఒరే సాంబా, కాలవకి పో' అన్నాడు వీరరాఘవయ్య. 'ఉండు మామా, ఇప్పుడే గదా ఆట మొదలైంది' అన్నాడంట వాడు. కాలవకి పోయినోళ్ళు తడిబట్టల్తో వొచ్చి, పట్టొచ్చంటే ముందే చెప్పొద్దా అని ముసలాయన మీద లేచారు.

ఆ పైన ఏసోబు జట్టు చిత్తుగా ఓడిపోయిందనుకో. వాడి మోకాలు చెక్కుకుపోయింది. వారం దాకా పంచె ఎగ్గట్టుకుని, అడిగినోళ్ళకీ అడగనోళ్ళకీ చూపిస్తా తిరిగాడంట. కరుణమ్మ పసుపు రాస్తానంటే వొద్దన్నాడు, మానిపోద్దేమోనని. అదే గెలిచొచ్చుంటే ఇంట్లో ఎవరికీ మొహం చూపించేవాడు కాదు, చెప్పడానికి నాకు కథా ఉండేది కాదు.