దోసెడు వడ్లు పంచిన డ్రాయింగు మాస్టారు

పంతొమ్మిది వందల అరవై మూడవ సంవత్సరం జూలై ఒకటవ తేదీన శ్రీ ఇస్సాకు గారు రేపల్లె ఉన్నత పాఠశాలలో చిత్రలేఖన ఉపాధ్యాయులుగా ప్రవేశించారు. నాటి నుండి నేటి వరకు వారి చొక్కా మీద రంగు మరక లేని రోజును చూసినవారు మాలో లేరు; కనీసం పదవీ విరమణ సన్మాన సభకైనా తెల్ల చొక్కా తొడుక్కొని రావలసిందిగా ఈ సంచిక ద్వారా బహిరంగంగా మనవి చేసుకుంటున్నాను.

రేపల్లెలో కాన్వాసు కొనే స్తోమత లేక రైసు మిల్లుల చిరుగు గోనెల మీద బొమ్మలు వేసిన వారు, బాపట్లకు బదిలీ అయ్యాక ఆ గోనెలతోనూ, గడ్డితోనూ శిల్పాలు చేయసాగారు. ఎనభై నాలుగులో మా తెనాలి పాఠశాలకు వచ్చాక స్టాఫ్‌రూములో సగం వారి సామగ్రే. "ఏంటి మాస్టారూ ఈ గడ్డి? గేదెను కూడా తోలుకురాకపోయారా?" అనేవాణ్ణి. "దానిక్కూడా చోటుందండి" అని నవ్వేవారు.

తొంభై నాలుగులో జపానులో జరిగిన ఆసియా సమకాలీన కళా ప్రదర్శనకు వారికి ఆహ్వానం అందింది. అనేక దేశాల కళాకారుల నడుమ రెండు నెలల ప్రదర్శన. యాభై అయిదవ ఏట లభించిన, మళ్లీ రాని అవకాశం. తెనాలి దగ్గరి సంగం జాగర్లమూడిలో నూర్పిడి కళ్లాల మీద ధాన్యపు రాశిని ఎవరూ తాకకుండా బూడిదతో ముద్ర వేసే చెక్క పలకను మాస్టారు వెంట తీసుకువెళ్లారు. మన వడ్లను అక్కడ అనుమతించకపోవడంతో నిర్వాహకులు అక్కడి వడ్లనే సమకూర్చారు. మాస్టారు రాశి పోసి, ముద్ర వేసి, దానికి 'కళ్లం' అని పేరు పెట్టారు.

ప్రారంభ దినాన మొదట వచ్చిన వృద్ధురాలు రాశి ముందు నిలబడగానే, మాస్టారు తమ చేతులతోనే ముద్ర చెరిపి, ఆమెకు దోసెడు వడ్లు పోశారు. ఆమె వెనుక ఉన్నవారికీ పోశారు. మధ్యాహ్నానికి రాశి కుంగింది. ప్రదర్శన సంచాలకురాలు దుబాసీతో వచ్చి, ఇది రెండు నెలలు చెక్కుచెదరక ఉండవలసిన కళాఖండమని, ఇక ఒక్క గింజ పంచినా ప్రదర్శన నుండి తొలగించక తప్పదని మర్యాదగానే చెప్పారు.

అప్పుడు మాస్టారు చెప్పిన జవాబును వారి నోటనే విన్నాను.

"తీసేయండమ్మా. మా అమ్మ పున్నమ్మ కూలికెళ్లి, ఆఖర్న కళ్లం పక్కన చెంగు పట్టుకుని నిలబడేది. ఆసామి దోసెడు పోస్తేనే ఆ పూట మాకు అన్నం. రాశి ముందు నిలబడ్డ మనిషిని వట్టి చేతుల్తో పంపటం నాకు చాతకాదండి."

అది వింటూ నేను నవ్వడం మానేశాను.

దుబాసీ మాటలు పూర్తయ్యాక సంచాలకురాలు తమ రెండు చేతులూ దోసిలి పట్టారట. తొలగింపు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ప్రదర్శన ముగిసేనాటికి నేల మీద కాస్త బూడిద మాత్రమే మిగిలింది.

"ఇంతకీ మీ రాశి ఏదండీ?" అని నేనడిగాను.

"ఇళ్లకు పోయిందండి" అన్నారు.

ఈ జూన్ ముప్పయ్యవ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ రోజు శాలువా కప్పిన పిమ్మట మేమంతా తలా దోసెడు వడ్లు పోస్తాం. మాస్టారు దోసిలి పట్టాలి. వాటిని గేటు దాటేలోపే పంచేస్తారని వారి సతీమణి రిబ్కా గారు ముందే హెచ్చరించారు, కాబట్టి కాస్త ఎక్కువే తెస్తున్నాం. ఆ పుణ్యదంపతులు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటూ, తెల్ల చొక్కా మనవిని ఇందుమూలంగా ఉపసంహరించుకుంటున్నాను. మాస్టారూ, మరకలతోనే రండి.

— దశరథరామయ్య, తెలుగు పండితుడు, తెనాలి