ప్రమాదం తప్పింది

కిట్వే దగ్గర రాగి గనిలో రాయి మీదపడి ముసొండ చనిపోయిన మర్నాడు, అతని అన్న షిఫ్ట్ బాస్ గదికొచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు చదువు రాదయ్యా. గనిలో జరిగినవన్నీ మీరు రాసిపెట్టే ఆ పుస్తకంలో మా తమ్ముడి పేరున్న చోటల్లా చదవండి."

"ఇప్పుడెందుకు పెద్దాయనా?"

"చదవండి."

"నాలుగో తారీఖు. గని కప్పు నుంచి రాయి ఊడిపడింది. ముసొండకి వెంట్రుకవాసిలో తప్పింది. పదకొండున మళ్ళీ అక్కడే. తృటిలో తప్పింది. పంతొమ్మిదిన... టోపీని రాసుకుంటూ పడింది. ప్రమాదం తప్పింది."

"మూడుసార్లు రాయి పడితే, తప్పిందని రాస్తారా? కప్పుకి ఒక్క దుంగైనా ఆనించారా?"

"ఎవరికీ దెబ్బ తగల్లేదుగా! ఊరికే పని ఆపితే పైవాళ్ళు నన్ను బతకనిస్తారా?"

అన్న చెయ్యి చాచి ఆ పుస్తకం మూసేశాడు. గొంతులో కోపం చల్లారిపోయింది.

"మిమ్మల్నని ఏం లాభం! వాడు బయటపడిన ప్రతిసారీ మేమూ కోడిని కోసి, మొక్కజొన్న పిండితో న్షీమా వండుకుని పండగ చేసుకున్నాం. నిన్న పొద్దున వాడు, 'నేనింక గనిలోకి దిగను అన్నా' అని గుమ్మంలో కూలబడ్డాడు. మూడుసార్లు కాపాడిన దేవుడు నాలుగోసారి వదిలేస్తాడా అని, చెయ్యి పట్టి లేపి పంపింది నేనే."