బండి దిగిన సాయంత్రం

రంభ ఊరి బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పి, రైల్లో బరంపురం చేరేసరికి ఆమె ఒళ్లు హూనమైపోయింది. స్టేషన్ బయట పెళ్లై నెలైన మొగుడు, బట్టల కొట్టు నుంచి తనూ అంతే అలసిపోయి వచ్చి, బండి మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కు. పది నిమిషాల్లో ఇంటికాడుంటాం."

"ఈయేళ నడిసి ఎల్దాం బావా."

"పొద్దుట్నుంచి నిలబడే ఉన్నానే. కాళ్లు పీకేస్తన్నాయి."

"నానేటి, రైల్లో పడుకుని వచ్చినానా? ఇంటికెల్తే నాను పొయ్యికాడ, నువ్వు ఫోన్లో. బండెక్కితే నాకు కనపడేది నీ హెల్మెట్టూ వీపూనే. మనం మొకాలు సూసుకుని మాటాడుకుందెప్పుడు?"

"అమ్మా టీచరమ్మా, దిగినాను. పద."

అతను బండి తోస్తూ పక్కనే నడిచాడు. గేట్ బజార్ రద్దీ దాటాక ఆగాడు.

"కుంటుతన్నావేటి?"

"కొత్త మట్టెలు కదా, వేలు ఒరుసుకుపోయింది."

"ఎప్పట్నుంచి?"

"పది రోజులైంది."

"మరి నడుద్దామన్నావేటే, పిచ్చీ!"

"నడిసినాం కాబట్టే సూసినావు."

అతను బండిని ఆమె ముందుకు తోసి, కదలకుండా పట్టుకున్నాడు.

"ఎక్కి కూకో."

"అప్పుడే ఇంటికా?"

"స్టార్ట్ సెయ్యను, తోస్తాను. నువ్వు సెప్పు, ఈయేళ బళ్లో ఏటైంది?"