సన్నబోర్డు

అక్కా తమ్ముళ్ల రిపేరు కొట్టు, వెనక గది. బల్ల మీద సోల్డరింగ్ ఐరన్ కాలుతోంది.

"కదపకురా! చిప్పు పక్కకి జరిగింది."

"నేనేం కదపలేదు. అసలు ఇవాళే చెయ్యాలా అక్కా?"

"నెల నుంచీ రేపు, రేపంటున్నావు. రేపన్నదానికి రూపు లేదు. ఆ చివరి కాలు సాకెట్లో కూర్చుందా?"

"కూర్చుంది."

"చూసి చెప్పు."

"కూర్చుందన్నాగా!"

"ఎందుకురా కసురుతావు? ఈ బోర్డు ఇంత సన్నంగా ఎందుకు గీశాననుకున్నావు? బజార్లో దొరికే బోర్డులు ఆ కన్నాల బ్రెడ్‌బోర్డు మీద పెడితే, ఇరుకు గదిలో సోఫా వేసినట్టే. వైరు గుచ్చుదామంటే కన్నం మిగలదు. ఇదైతే అటూ ఇటూ ఖాళీయే."

"తెలుసు. వందసార్లు చెప్పావు."

"నూటొకటోసారి విను. కాలేజీ పిల్లలు ఎగబడి కొంటారు. పిన్నులు ఇటివ్వు."

"అక్కా..."

"ముందు పిన్నులు."

"ఇదిగో."

"ఊఁ, ఇక బ్రెడ్‌బోర్డులో గుచ్చు. మెల్లిగా, మెల్లిగా! కేబుల్ పెట్టు. ప్రోగ్రాం ఎక్కించు... లైటు వెలిగింది! వెలిగిందిరా! చూడు, ఆగి ఆగి ఎలా మిణుక్కుమంటోందో! ఏంట్రా, మొహం అలా పెట్టావు?"

"బానే ఉంది."

"బానే ఉందా? ఇన్నాళ్లు కళ్లు పోయేలా కూర్చుని చేస్తే, బానే ఉందా? సరేలే. ఇంకో పది చేద్దాం."

"వద్దక్కా."

"ఏం?"

"బజార్లోకి వచ్చేసింది."

"ఏది?"

"ఇదే. ఇంతే సన్నంగా. ఒక పెద్ద కంపెనీ వాళ్లు..."

"వాళ్లకెలా తెలుస్తుంది? నా డిజైను ఈ గది గడప దాటలేదు. నువ్వూ నేనూ తప్ప... ఒరేయ్. ఇటు చూడు."

"వేడిగా ఉందక్కా ఇక్కడ. ఫ్యాను..."

"ఇటు చూడరా!"

"ఉద్యోగం ఇస్తామన్నారు. నీకేం వచ్చో చూపించమన్నారు. చూపించా."

"నాదని చెప్పావా?"

"వాళ్లు అడగలేదు."

"చెప్పావా అని నేనడుగుతున్నా!"

"ఐరన్ పక్కన పెట్టక్కా, చెయ్యి కాలుతుంది."

"కాలనీ. నీకు ఉద్యోగం వస్తే నేను ఏడుస్తానట్రా? ఒక్క మాట నాతో అనుంటే, నేనే ఇచ్చేదాన్ని కదరా. సరే, అయిందేదో అయింది. రేపెళ్లి చెప్పు. ఇది మా అక్క గీసిందని ఒక్క మాట. అంతే, ఇంకేం అడగను."

"చెప్పలేను."

"ఎందుకు?"

"గీసింది నేనేనని సంతకం పెట్టేశా అక్కా. ఇక నువ్వు ఒక్కటి అమ్మినా, దొంగవి నువ్వే అవుతావు."